కళాచరిత్ర సినిమాలు, సిరీస్‌లు: 8 ఆదివారాలకు ఏవి, ఏ వరసలో, ఎలా వెయ్యాలి?

పటంకట్టు
గ్రంథాలయం హాల్లో 8 ఆదివారాలు వరసగా కళాచరిత్ర సినిమాలు, టీవీ సిరీస్ భాగాలు వెయ్యాలని ఆలోచన. వారానికి 2 గంటలు. 40 మంది దాకా వస్తారు: డ్రాయింగ్ మాస్టర్లు, బీఎఫ్ఏ చదివే పిల్లలు, బొమ్మలంటే ఇష్టమున్న మామూలు జనం. ప్రొజెక్టరు ఉంది, తెల్లగోడ ఉంది. బీబీసీ పాత సిరీస్ ‘సివిలైజేషన్’తో మొదలుపెట్టి కాలక్రమంలో వద్దామనుకుంటున్నాం. ఈ వరస సరైనదేనా? సినిమా కథ కోసం చరిత్రను ఎక్కడ వంచారో కూడా చెప్పగలిగితే మేలు.

రాతిగీత
కాలక్రమం వద్దండి. మొదటివారం బ్రిటిష్ కళావిమర్శకుడు జాన్ బర్జర్ ‘వేస్ ఆఫ్ సీయింగ్’ వెయ్యండి. 1972 బీబీసీ, 4 భాగాలు, ఒక్కోటి అరగంట. మొదటి భాగం ఒక్కటే చాలు, మిగతా ఏడు వారాలకూ చూపు అక్కడే తయారవుతుంది.

అందులో గమనించాల్సిన చోట్లు మూడు. మొదట్లోనే బర్జర్ బొటిచెల్లి ‘వీనస్, మార్స్’ నుంచి వీనస్ మొహాన్ని కత్తితో కోసి బయటికి తీస్తాడు. కోసింది నకలునే. అయినా హాలు ఉలిక్కిపడుతుంది. కెమెరా ఒక బొమ్మలోంచి ముక్క తీసి చూపిన ప్రతిసారీ జరిగేది ఇదేనని అక్కడ ఆపి చెప్పండి. రెండోది బ్రూగెల్ బొమ్మ. కెమెరా దూరం నుంచి చూస్తే ఒక అర్థం, దగ్గరికెళ్లి ఒక మూల మీద నిలిస్తే ఇంకో అర్థం. మూడోది కరవాజ్జో ‘ఎమ్మాయుస్‌లో భోజనం’ గురించి పిల్లలు మాట్లాడే చోటు. క్రీస్తు మగా ఆడా అన్న సందేహం వాళ్లకు వెంటనే వస్తుంది, పెద్దలకు రాదు.

సున్నపుగోడ
బర్జర్ ముందుండాలి, ఒప్పుకుంటాను. కానీ ‘సివిలైజేషన్’ని పూర్తిగా తీసెయ్యకండి. బర్జర్ ఎవరితో వాదిస్తున్నాడో తెలియకపోతే ఆ వాదన సగమే వినిపిస్తుంది.

1969లో వచ్చిన ఆ సిరీస్‌కు 13 భాగాలు, ఒక్కోటి సుమారు 50 నిమిషాలు. బీబీసీ2 అప్పుడే రంగుల్లోకి మారింది. ఆ చానల్ బాధ్యత చూస్తున్న డేవిడ్ అటెన్‌బరో రంగుల టీవీ ఏం చెయ్యగలదో చూపించడానికే కళాచరిత్రకారుడు కెన్నెత్ క్లార్క్‌ని పిలిచాడు. 35 ఎంఎం ఫిల్ము మీద తీశారు కాబట్టి ఈ రోజుకీ బొమ్మ చెదరలేదు. ‘ఒక వ్యక్తిగత దృక్పథం’ అని పేరు కిందే రాసుకున్నారు. భారతదేశం లేదు, చైనా లేదు, స్పెయిన్ కూడా దాదాపు లేదు. ఆ లోటును సరిచెయ్యడానికే 2018లో ‘సివిలైజేషన్స్’ అని బహువచనంతో 9 భాగాలు వచ్చాయి. సైమన్ షామా, మేరీ బియర్డ్, డేవిడ్ ఒలుసోగా ముగ్గురూ పంచుకున్నారు.

నా సలహా: పాతదాన్లోంచి 5వ భాగం ‘ద హీరో యాజ్ ఆర్టిస్ట్’ ఒక్కటీ తీసుకోండి. మైకెలాంజెలో, రాఫెల్, లియొనార్డో ఉంటారు. కళాకారుణ్ణి వీరుడిగా నిలబెట్టే కథ ఎలా అల్లుతారో అందులో స్పష్టంగా కనిపిస్తుంది. మొదటి వారమే బర్జర్ మొదటి భాగం, కాసేపు మాటలు, ఆ తర్వాత ఇది.

తెరవెనుక
ఏం వెయ్యాలన్నది తేలేలోపు ఎలా వెయ్యాలో చెబుతాను. కళాచరిత్ర సినిమాలో తెర తప్పయితే బొమ్మే తప్పవుతుంది.

1) పాత సిరీస్‌లన్నీ 4:3 కొలతవి. ప్రొజెక్టరు వాటిని 16:9కి సాగదీస్తే ప్రతి మనిషీ మూడో వంతు లావెక్కుతాడు. మోదిల్యానీ పొడుగు మెడలు మామూలు మెడలైపోతాయి. పక్కన నల్ల పట్టీలు కనిపించాలి, అవి ఉంటేనే సరిగ్గా వస్తున్నట్టు. ‘జూమ్’ మీట నొక్కితే పైనా కిందా కలిపి పావు వంతు పోతుంది.

2) ఓవర్‌స్కాన్ ఆపండి. లేకపోతే నాలుగు అంచుల్లోనూ కాస్త కాస్త తెగిపోతుంది. కూర్పు గురించి మాట్లాడే సినిమాలో అంచు పోతే ఇంకేం మిగిలింది?

3) మోషన్ స్మూతింగ్ (ఫ్రేముల మధ్య లేని ఫ్రేములు కల్పించే సదుపాయం) ఆపండి. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది, మెనూలో వెతకాలి. అది నడుస్తుంటే బొమ్మ మీద కెమెరా మెల్లగా కదిలేటప్పుడు కుంచె గీతల చుట్టూ జిగురులాంటి అలలు పుడతాయి.

4) పిక్చర్ మోడ్ ‘సినిమా’, కలర్ టెంపరేచర్ 6500 దగ్గర. ‘వివిడ్’లో పెడితే రెంబ్రాంట్ గోధుమరంగు నారింజ అవుతుంది.

5) గోడ నిజంగా తెల్లనిదేనా? మన పాత హాళ్ల సున్నంలో నీలిమందు కలిపి ఉంటుంది. ఒక తెల్లకాగితం గోడకి అంటించి, దాని మీదా గోడ మీదా ఒకేసారి వెలుగు వేసి చూడండి. తేడా కనిపిస్తే తెర కట్టాల్సిందే.

పటంకట్టు
గోడలో నీలం ఉంది, తేడా కనిపిస్తోంది. తెర ఏర్పాటు చేస్తాం. ఇంకో చిక్కు: తెర మీద అన్ని బొమ్మలూ ఒకే సైజులో కనిపిస్తాయి కదా, దానికేమైనా ఉపాయం ఉందా?

కొలబద్ద
ఉంది, ఖర్చు లేదు. మాస్కింగ్ టేపు తీసుకుని ఆ వారం బొమ్మ అసలు కొలతను పక్క గోడ మీద అతికించండి. ఎత్తు ముందు, వెడల్పు తర్వాత:

పికాసో ‘గెర్నికా’: 3.49 మీటర్లు, 7.77 మీటర్లు
హోల్బైన్ ‘రాయబారులు’: 207 సెం.మీ., 209.5 సెం.మీ.
రుబ్లేవ్ ‘త్రిత్వం’: 142, 114
మోనాలిసా: 77, 53
వాన్ గో ‘కాకులు ఎగిరే గోధుమచేను’: 50.5, 103
వెర్మీర్ ‘ముత్యపు లోలాకు పిల్ల’: 44.5, 39

చివరిది మడిచిన దినపత్రికంత ఉంటుంది, అంతే. సినిమాలో ఆ మొహం పది అడుగుల ఎత్తున కనిపిస్తుంది. వెర్మీర్ కంటి మెరుపుని ఒక చిన్న తెల్లచుక్కతో ముగించడం ఎంత గొప్పో ఆ టేపు చదరం చూస్తే గానీ తెలియదు.

‘రాయబారులు’ బర్జర్ మూడో భాగంలో వస్తుంది. అడుగున సాగదీసిన పుర్రె ఉంటుంది. నేరుగా చూస్తే మరక. కుడివైపు బాగా పక్కకి జరిగి గోడ వెంట చూస్తే పుర్రె. మంచి ప్రింటు ఒకటి తీసి గోడకి పెట్టి జనాన్ని పక్కనుంచి నడిపించండి. తెర మీద ఇది కుదరదని కాదు, కుర్చీల్లోంచి ఎవరూ లేవరు.

కుంచెకొస
సినిమా దాచే రెండో సంగతి కాలం. దానికి రెండు సినిమాలు పక్కపక్కన వెయ్యండి.

ఒకటి ఫ్రెంచి దర్శకుడు అలెన్ రెనె ‘గెర్నికా’, 1950, 13 నిమిషాలు. పికాసో బొమ్మల్ని ముక్కలుగా చూపిస్తూ కెమెరా కదలికతోనూ ఎడిటింగ్‌తోనూ కథ నడుపుతాడు. అంతకుముందు 1948లో ఇదే పద్ధతిలో వాన్ గో మీద తీశాడు, అది కూడా నలుపు తెలుపే. రంగే ప్రాణమైన చిత్రకారుణ్ణి రంగు లేకుండా చూపించడం తప్పు కదా అనిపిస్తుంది. రంగు తీసేస్తే ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య అతుకు కనిపించదు, అన్నీ కలిసి ఒకే ఊరైపోతాయి. రెనెకి కావాల్సింది అదే.

రెండోది ఇంకో ఫ్రెంచి దర్శకుడు క్లూజో ‘ద మిస్టరీ ఆఫ్ పికాసో’, 1956. బొమ్మ గీయబడుతుండగా చూపించిన సినిమాల్లో దీన్ని మించింది నాకు తెలియదు. పలచటి కాగితాన్ని చట్రానికి బిగించారు. సిరా కాగితంలోంచి అవతలికి ఊరుతుంది. కెమెరా వెనక వైపు ఉంటుంది. అందుకే చెయ్యి కనిపించదు, గీత దానంతటదే పుడుతుంది. వెనక నుంచి చూస్తే కుడి ఎడమలు మారతాయి కాబట్టి బొమ్మని తిప్పి చూపించాలి.

నూనెరంగు కాగితంలోంచి ఊరదు. కనుక రెండో సగంలో పద్ధతి మారింది. కెమెరా ముందుకొచ్చింది. పికాసో కాస్త వేసి పక్కకి తప్పుకోవడం, ఫ్రేము తియ్యడం, మళ్లీ వెయ్యడం. తెర మీద నిమిషాల్లో అయిపోయేది అక్కడ గంటలు పట్టిన పని. హాల్లో ఇది తప్పక చెప్పండి, లేకపోతే పికాసో బొమ్మలు నిమిషాల్లో గీసిపారేస్తాడని పిల్లలు నమ్మేస్తారు. సిరా భాగంలో మాత్రం ఒకచోట ఫిల్ము మిగిలింది 5 నిమిషాలకేనని క్లూజో చెప్పి గడియారం పెడతాడు. అక్కడ తొందర నిజమైనదే.

తెరవెనుక గారికి ఒక గమనిక: ఈ సినిమా మధ్యలో తెర సినిమాస్కోప్‌కి వెడల్పవుతుంది. ప్రొజెక్టరు కొలత బిగించి పెట్టకండి.

నీలిమందు
వాన్ గో మాట వచ్చింది కాబట్టి. ‘లస్ట్ ఫర్ లైఫ్’ (1956) వేసినా ‘లవింగ్ విన్సెంట్’ (2017) వేసినా రెండు దిద్దుబాట్లు చెప్పండి.

ఒకటి, ‘కాకులు ఎగిరే గోధుమచేను’ ఆయన ఆఖరి బొమ్మ కాదు. ఈ పొరపాటు సినిమాల వల్లే ఊరంతా పాకింది. నల్ల కాకులు, తెగిపోయిన దారి, తుపాకీ మోత వరసగా పెడితే ఎడిటింగ్‌కి బాగుంటుంది, అంతే. 1890 జూలై 10 ప్రాంతంలో రాసిన ఉత్తరంలోనే అలజడి ఆకాశం కింద గోధుమచేలు వేశానని ఉంది. కాల్చుకున్నది 27న, పోయింది 29న. ఆఖరిదని ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకునేది ‘చెట్టు వేళ్లు’. అది ముగియనే లేదు.

రెండు, ఫ్రాన్స్‌లోని ఆర్ల్‌లో ఆయన వేసిన తన పడకగది బొమ్మలో గోడలు. సినిమాల్లో సెట్టు వేసినప్పుడు నీలం వేస్తారు, ఎందుకంటే ఈ రోజు బొమ్మలో నీలమే ఉంది. 1888 అక్టోబరులో తమ్ముడికి రాసిన ఉత్తరంలో లేత ఊదా అని ఉంది. ఊదాలో కలిపిన ‘లేక్’ రకం ఎర్రరంగు వెలుగుకి ఎగిరిపోయి నీలం మిగిలింది. సెట్టు వేసినవాళ్లు కట్టింది వాన్ గో గది కాదు, వెలిసిపోయిన బొమ్మ గది.

‘లవింగ్ విన్సెంట్’ పనితనం మాత్రం వంక పెట్టలేనిది. సుమారు 65,000 ఫ్రేములు, 125 మంది చిత్రకారులు, నూనెరంగు. సెకనుకి 12 బొమ్మలు. భాగించి చూడండి, గంటన్నర వస్తుంది. ఒక షాటుకి ఒక కాన్వాసు: వేసి, ఫొటో తీసి, కదిలిన మేరకు గీకి మళ్లీ వేసి, మళ్లీ ఫొటో. అందుకే షాటు చివర మిగిలేది ఆఖరి ఫ్రేము ఒక్కటే. ఇది ముందే చెబితే ఆకాశం ఎందుకు అలా వణుకుతోందో అందరికీ అర్థమవుతుంది.

కొలబద్ద
రంగుల గురించి నీలిమందు గారు చెబుతున్నారు కాబట్టి వెర్మీర్ మీద తీసిన ‘గర్ల్ విత్ ఎ పెర్ల్ ఇయరింగ్’ (2003) సంగతి కూడా చెప్పండి. రాయి నూరితే నీలం వచ్చేస్తుందన్నట్టు ఉంటుంది అందులో.

నీలిమందు
లాజవర్దం (లాపిస్ లాజులీ) రాయిని ఉత్తినే నూరితే బూడిదరంగు పొడి వస్తుంది. రాతిలో తెల్ల కాల్సైట్, బంగారురంగు పైరైట్ కలిసి ఉంటాయి. నీలాన్ని విడదియ్యడానికి పాత ఇటలీ చిత్రకారుడు చెన్నీనీ రాసిన పద్ధతి ఇది: పొడిని పైన్ బంక, మాస్టిక్, మైనం కరిగించి ముద్దగా కలపాలి. రోజులపాటు పిసుకుతూ నాననివ్వాలి. తర్వాత బూడిద క్షారజలంలో ఆ ముద్దని కర్రలతో నొక్కితే నీలం నీళ్లలోకి దిగుతుంది, మలినం ముద్దలో ఉండిపోతుంది. మొదటి నీళ్లలో దిగింది మేలిరకం. చివర దిగేది బూడిదనీలం. తలగుడ్డకి వెర్మీర్ అంత ఖరీదైన రంగు వాడాడన్న విషయం సినిమా సరిగ్గానే చెప్పింది. అది ఆఫ్ఘనిస్తాన్ బదక్షాన్ గనుల రాయి.

ఇంకొకటి, వెనక నల్లటి శూన్యం. సినిమా మొత్తం ఆ చీకటి మీదే నిలబడింది. 2018లో ఆ బొమ్మ ఉన్న మారిట్‌స్‌హైస్ మ్యూజియంలో జరిగిన పరీక్షల్లో వెనక ఆకుపచ్చ తెర ఉండేదని తేలింది. నీలిమందు, వెల్డ్ అనే మొక్క పసుపురంగు కలిపి పలచగా పూసిన పూత అది. ఆ రంగులు పోయి నలుపు మిగిలింది. కనురెప్పల వెంట్రుకలు కూడా సన్నగా వేసి ఉన్నాయి. సినిమా 2003ది కాబట్టి తప్పు పట్టలేం.

పిల్లలకి రంగుల తేదీలు నచ్చుతాయి. బొమ్మ అసలుదా నకిలీదా తేల్చే సిరీస్ ‘ఫేక్ ఆర్ ఫార్చూన్’ (బీబీసీ, 2011 నుంచి) ఒక భాగం వేసే ముందు బోర్డు మీద రాయండి: ప్రష్యన్ నీలం 1700ల తొలి దశకం, కృత్రిమ అల్ట్రామెరీన్ (లాజవర్దపు నీలం) 1820ల చివర, టైటానియం తెలుపు సుమారు 1920, థాలో నీలం 1935. బొమ్మ మీద రాసిన తేదీ కంటే రంగు తర్వాతిదైతే కేసు కొట్టేసినట్టే. దీనికి ఉల్టా చెల్లదు. పాత రంగు దొరికినంత మాత్రాన బొమ్మ అసలుదని తేలదు, దొంగ చిత్రకారులు ఈ తేదీలు మనకంటే బాగా చదువుకుంటారు. తర్వాతి కాలంలో రిపేరు చేసినవాళ్లు కొత్త రంగు పూసి ఉండొచ్చు కూడా. కాబట్టి నమూనా ఎక్కడి నుంచి తీశారన్నది మొదటి ప్రశ్న కావాలి.

రాతిగీత
అన్నీ యూరప్‌వే అవుతున్నాయి. ‘అమరశిల్పి జక్కన’ (1964) పెట్టండి. తెలుగులో తొలినాళ్ల రంగుల చిత్రాల్లో ఒకటి. దర్శకుడు బి.ఎస్. రంగా, జక్కనగా అక్కినేని.

సున్నపుగోడ
అది జానపదగాథ, కళాచరిత్ర కాదు. ఆయన చెక్కాడని చెప్పుకునే కర్ణాటక బేలూరు గుడి శాసనాల్లో జక్కన పేరే లేదు కదా. అలాంటప్పుడు అందులో నేర్చుకునేదేముంది?

రాతిగీత
పేరు లేదు, నిజమే. అందుకే వెయ్యాలంటాను.

బేలూరు చెన్నకేశవాలయం 1117లో విష్ణువర్ధనుడు కట్టించింది. హొయ్సళ శిల్పుల ప్రత్యేకత వాళ్లు సంతకాలు చెక్కడం. బళ్లిగావికి చెందిన దాసోజ, అతని కొడుకు చావణ ఇద్దరి పేర్లూ అక్కడి మదనికల (స్తంభాల పైనుండే స్త్రీ శిల్పాల) కింద ఉన్నాయి. అంటే తండ్రీ కొడుకులు శాసనంలో నిజంగానే ఉన్నారు. జనం చెప్పుకునే కథలోనూ తండ్రీ కొడుకులే, జక్కన, డంకణ. కొడుకు తండ్రి శిల్పంలో దోషం చూపిస్తాడు, రాతి కడుపులోంచి కప్ప బయటపడుతుంది. ఆ కథ చెప్పుకునే విగ్రహం కప్పె చెన్నిగరాయడు, గుడి అదే ప్రాంగణంలో ఉంది. రాతిమీద పేర్లు కళ్లెదురుగా ఉన్నా జనం ఇంకో పేరు ఎందుకు పెట్టుకున్నారు? ఒక గంట చర్చకు సరిపోతుంది.

ఇక రాయి. సినిమా చూస్తే నల్లరాయి కాబట్టి మహా గట్టిదనుకుంటారు. హొయ్సళ గుళ్లు క్లోరైట్ షిస్టు. మన బలపపు రాయికి దగ్గర చుట్టం. గనిలోంచి తీసినప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలాక గట్టిపడుతుంది. అందుకే నగల పూసల మధ్య కూడా ఉలి దూరింది, స్తంభాలు లేతు మిషను మీద తిప్పినంత గుండ్రంగా వచ్చాయి. మన కాకతీయుల వేయిస్తంభాల గుడి నల్లరాయి వేరు, దాని మీద నునుపు తేవడం వేరే కష్టం. ఒక బలపం ముక్క, ఒక గ్రానైటు ముక్క, ఒక మేకు హాల్లో చేతికివ్వండి. రెండు నిమిషాల్లో తేడా తెలిసిపోతుంది.

సున్నపుగోడ
చావణ సంగతి చెప్పాక ఒప్పుకోక తప్పదు. పెట్టండి. సినిమా నిడివి ఎక్కువ కాబట్టి శిల్పశాల సన్నివేశాలు, కప్ప ఘట్టం ఎంచుకుని వెయ్యడం మేలు.

దాని పక్కన సత్యజిత్ రాయ్ ‘ది ఇన్నర్ ఐ’ (1972) ఉండాలి. సుమారు 20 నిమిషాలు, ప్రభుత్వ డాక్యుమెంటరీ సంస్థ ఫిలిమ్స్ డివిజన్ తీయించింది. శాంతినికేతన్‌లో తనకు చదువు చెప్పిన వినోద్ బిహారీ ముఖర్జీ మీద తీశాడు. చూపు పూర్తిగా పోయాక కూడా ఆయన పని ఆపలేదు. అక్కడి హిందీ భవన్‌లో మధ్యయుగ సంతుల కుడ్యచిత్రం 1946–47లో వేశాడు, అప్పటికి చూపు మందంగానైనా ఉంది. తడి సున్నం మీద వెయ్యడమంటే ఆ రోజు పూసిన మేర ఆ రోజే ముగించాలి. సున్నం ఆరుతూ రంగుని తనలో పట్టేస్తుంది. ఆరిపోయాక వేస్తే రంగు పైపైనే ఉండి రాలుతుంది. తప్పొస్తే గీకి మళ్లీ పూయడమే. రాయ్ వ్యాఖ్యానంలో జాలి ఎక్కడా లేదు. చూపు పోయిన చిత్రకారుడి మీద సినిమా తీస్తూ అంత నిగ్రహం చూపడం సామాన్యం కాదు.

ఎం.ఎఫ్. హుసేన్ ‘త్రూ ది ఐస్ ఆఫ్ ఎ పెయింటర్’ (1967) కూడా చిన్నదే. రాజస్థాన్‌లో తీశాడు, మాటలుండవు, బెర్లిన్‌లో లఘుచిత్రాల గోల్డెన్ బేర్ వచ్చింది. రెండూ ఒకే పూట సరిపోతాయి.

పటంకట్టు
రవివర్మ మీద ‘రంగ్ రసియా’ పెట్టమని కొందరు అడుగుతున్నారు.

కుంచెకొస
అందులో ప్రేమకథ ఎక్కువ, రవివర్మ పెట్టిన అచ్చు ప్రెస్సు సంగతి తక్కువ. నాకు ప్రెస్సే ముఖ్యం, మన ఇళ్లలో లక్ష్మీ సరస్వతుల పటాలు అక్కడి నుంచే వచ్చాయి. 1894లో బొంబాయిలో పెట్టి, తర్వాత లోనావాలా దగ్గర మళవలీకి మార్చారు. ఫాల్కే సినిమాల్లోకి రాకముందు అక్కడ పనిచేశాడు. ఓలియోగ్రాఫుకి (నూనెరంగు బొమ్మలా కనిపించే అచ్చుపటానికి) ఒక్కో రంగుకీ ఒక్కో సున్నపురాయి పలక. కాగితం ప్రతి పలక మీదా సరిగ్గా అదే చోట కూర్చోవాలి. వెంట్రుకవాసి జరిగినా పెదవి ఎరుపు చెంప మీదకి పాకుతుంది. పాత పటం దొరికితే భూతద్దంతో పెదవుల అంచు, నగల అంచు చూడండి. సినిమా వేసినా వెయ్యకపోయినా పటం, భూతద్దం మాత్రం బల్ల మీద పెట్టండి.

తెరవెనుక
అనుమతుల సంగతి మరవకండి. టికెట్టు లేకపోయినా అది బహిరంగ ప్రదర్శనే. ఇంట్లో చూసుకోవడానికి కట్టిన ఓటీటీ చందా, కొన్న డిస్కు దీనికి పనికిరావు. హక్కుదారుకి ముందే రాయండి: తేదీ, ఎంతమంది, ఉచితమా కాదా. ఫిలిమ్స్ డివిజన్ ఇప్పుడు ఎన్ఎఫ్‌డీసీలో (జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో) కలిసింది కాబట్టి రాయ్, హుసేన్ చిత్రాలకి అక్కడ అడగాలి. జవాబుకి నెలకి తక్కువ పెట్టుకోవద్దు.

తెలుగు సబ్‌టైటిళ్లు చాలావాటికి ఉండవు. ఒక ఏ4 కాగితం మీద పది వాక్యాలు తెలుగులో రాసి పంచండి, ఎక్కడ ఆపుతారో నిమిషంతో సహా. నిమిషాలు మీ ప్రతిలోంచే రాసుకోండి. యూరప్ టీవీ ప్రతులు సెకనుకి 25 ఫ్రేములతో నడిచి సినిమాని 4 శాతం కుదిస్తాయి, ఇంకొకరి లెక్క మీకు కలవదు.

పటంకట్టు
ఇలా కుదిరింది: 1) బర్జర్ మొదటి భాగం, క్లార్క్ 5వ భాగం. 2) రాయ్, హుసేన్. 3) జక్కన. 4) రెనె ‘గెర్నికా’, క్లూజో. 5) ‘లవింగ్ విన్సెంట్’. 6) వెర్మీర్ సినిమా. 7) ‘ఫేక్ ఆర్ ఫార్చూన్’ ఒక భాగం, రవివర్మ పటాలు. 8వ వారం ఖాళీగా ఉంది.

కొలబద్ద
8కి ఫ్రెడరిక్ వైజ్‌మన్ ‘నేషనల్ గ్యాలరీ’ (2014). 3 గంటలు కాబట్టి ఆ ఒక్కరోజు గంట ముందు మొదలుపెట్టండి, మధ్యలో టీ. వ్యాఖ్యానం లేదు, ఇంటర్వ్యూలు లేవు, లండన్ మ్యూజియంలో జరిగే పనినే చూస్తూ ఉంటుంది. గుర్రం మీద కూర్చున్న ఫ్రెడరిక్ రీహెల్ చిత్రం దగ్గర బొమ్మల్ని బాగుచేసే సంరక్షకుడు ఎక్స్‌రే చూపించే చోటు వదలకండి. రెంబ్రాంట్ అదే కాన్వాసు మీద అంతకుముందు వేరే నిలువెత్తు మనిషిని వేశాడు, దాన్ని తిప్పి దాని మీదే గుర్రాన్ని వేశాడు. ఏడు వారాలు చూశాక ఆ సన్నివేశంలో ఎవరూ వివరించక్కర్లేదు.

4వ వారం గెర్నికా టేపుకి 7.77 మీటర్ల గోడ కావాలి. మీ హాలు గోడ అంతలేకపోతే వరండా నేల మీద అతికించండి, జనం చెప్పులు విప్పే చోట. లోపలికి రావాలంటే దాన్ని దాటి నడవాల్సిందే.

పటంకట్టు
గోడ 6 మీటర్లే. వరండా 9 ఉంది, అక్కడే అతికిస్తాం.